ఆయన ఫోన్ ఎత్తకపోతే గుండెదడ... ఇది జబ్బా?

ప్రశ్న: నా వయసు 28. పెళ్లయి రెండేళ్లయింది. మావారు మంచివారే. కానీ ఆఫీసులో ఉండి ఫోన్ ఎత్తకపోతే నాకు గుండెదడ వస్తుంది. నాలో ఏదో లోపం ఉందని, నన్ను వదిలేస్తారని భయం. ‘కోపమొచ్చిందా?’ అని పదే పదే అడిగి విసిగిస్తున్నాను. ఆరో తరగతి నుంచి హాస్టల్లోనే ఉన్నాను. ఇది జబ్బా?
- ఒక సోదరి, హనుమకొండ

జవాబు: జబ్బు కాదమ్మా. దీన్ని ఆందోళనతో కూడిన అనుబంధ ధోరణి అంటాం. అంటే, మనసుకు దగ్గరైనవాళ్లు వదిలేస్తారేమోనని తరచూ భయపడటం. పెంచినవారితో పసివాళ్లకు ఏర్పడే బంధం గురించి బ్రిటన్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ చెప్పిన సిద్ధాంతాన్ని 1987లో మనస్తత్వ శాస్త్రవేత్తలు హేజన్, షేవర్ పెద్దవాళ్ల ప్రేమబంధాలకూ అన్వయించారు. అయితే నేరమంతా హాస్టల్ మీద వేయకండి. అక్కడే పెరిగి నిబ్బరంగా ఉన్నవాళ్లు ఎందరో!

అసలు చిక్కు, మీ విలువను ఆయన జవాబుతో కొలుచుకోవడం. ‘కోపం లేదు’ అనగానే మనసు కుదుటపడుతుంది. కాసేపటికే అనుమానం మళ్లీ మొదలు. అడిగిన కొద్దీ అడగాలనిపిస్తుంది. మీరు నిలదీస్తే ఆయన మౌనంలోకి వెళ్లే మనిషైతే, ఆ మౌనం మీ భయాన్ని ఇంకా పెంచుతుంది.

ఈసారి ఫోన్ ఎత్తనప్పుడు కాగితం తీసుకోండి. ‘ఒంటిగంటకు ఎత్తలేదు’ అని ఒకవైపు, ‘నేనంటే ఇష్టం లేదు’ అని మరోవైపు రాయండి. మొదటిది జరిగింది, రెండోది మీ ఊహ. ఇరవై నిమిషాలు మళ్లీ ఫోన్ చేయకుండా ఆగండి. దడ దానంతటదే తగ్గడం మీరే గమనిస్తారు. సాయంత్రం తీరిగ్గా, ‘పనిలో ఉంటే తర్వాత చేస్తానని ఒక్క మాట పంపండి, నాకు నిశ్చింతగా ఉంటుంది’ అని అడగండి. అలా అడగడం చిన్నతనం కాదు. అద్దం ముందు నిలబడి మిమ్మల్ని మీరు పొగుడుకోమని నేను చెప్పను. పెళ్లి తర్వాత వదిలేసిన చదువో, ఉద్యోగమో, స్నేహాలో ఉంటే మళ్లీ మొదలుపెట్టండి. ఆత్మగౌరవం నిలబడేది అలాంటి వాటి మీదే.

ఒకవేళ ఆయన మిమ్మల్ని సాధించడానికే రోజుల తరబడి మాట్లాడకపోయినా, కించపరుస్తున్నా సంగతి వేరు. అప్పుడు మారాల్సింది ఆయన ప్రవర్తన.

దడ ఉందంటున్నారు కాబట్టి థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి సరిగా లేకపోతే మానసిక వైద్యులను కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం ‘టెలి మానస్’ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. కౌన్సెలింగ్‌కు వెళ్తే, కుదిరితే మీవారినీ వెంట తీసుకెళ్లండి.