కీళ్లవాతం మీద ఇంతమంది పీహెచ్‌డీలు చేస్తున్నారు, మరి పూర్తిగా నయం చేసే మందు ఎందుకు రావట్లేదు?

మాది నరసాపురం దగ్గర పల్లె. నా పీహెచ్‌డీ ఇమ్యునాలజీలో (రోగనిరోధక శక్తి గురించిన చదువు), సరిగ్గా రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఈ కీళ్లవాతం మీదే. ఊరికి వెళ్తే ఈ ప్రశ్న అడగనివాళ్లు ఉండరు.

మందు రాకపోవడానికి కారణం, ఈ జబ్బు కీళ్లలో మొదలవకపోవడమే. నా గట్టి నమ్మకం ఇది. కొందరిలో రోగనిరోధక శక్తి, సిట్రులిన్ (ఒక అమైనో ఆమ్లం) చేరిన సొంత ప్రొటీన్లనే పరాయివనుకుని వాటి మీద దాడికి యాంటీబాడీలు తయారుచేస్తుంది. డాక్టర్లు రాసే యాంటీ సీసీపీ అనే రక్త పరీక్ష వెతికేది ఆ యాంటీబాడీలనే. వేళ్లు వాచడానికి కొన్నేళ్ల ముందే అవి రక్తంలో కనిపించవచ్చు. అంటే మనం ఆసుపత్రికి వెళ్లేసరికే లోపల పని చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. ల్యాబులో మేం ఎలుకకి కొల్లాజెన్ ఎక్కించి పాదం వాచేలా చేసి పరీక్షిస్తాం, కానీ మనిషిలో మొదటి రోజు ఎప్పుడో ఎవరు చెప్పగలరు? దానికి ఊళ్లలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లని ఏళ్ల తరబడి గమనించాలి. ఆ పనికి డబ్బులు రావు. ఫెలోషిప్పే నెలల తరబడి ఆగిపోతుంటే ఇంక పల్లెల్లో సర్వే ఎక్కడ!

మా మేనత్త చిన్నప్పటి నుంచి లేసు అల్లేది. ఒక ఏడాది పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకునేవి కావు, తొమ్మిదీ పదీ దాటితే గానీ సూది పట్టలేకపోయేది. "అల్లీ అల్లీ అరిగిపోయాయి" అని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. వంకాయ మానెయ్యమన్నవాళ్లు, నొప్పి బిళ్లలు ఇచ్చినవాళ్లు, అందరూ అయ్యాక టౌన్‌లో డాక్టర్ కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ బిళ్లలు రాశారు. మందుల షాపులో ఎవరో "ఇది క్యాన్సర్ మందు కదండీ" అన్నారట, అంతే, ఆ బిళ్లలు బీరువాలోకి వెళ్లాయి. తర్వాత ఎవరో పొట్లాల్లో కట్టిచ్చిన పొడి మొదలెట్టింది. సంక్రాంతికి నేను వెళ్లేసరికి గీతలు గీసి ముగ్గు వేస్తోంది గానీ, మొహం గుండ్రంగా ఉబ్బిపోయి ఉంది. "అమ్మాయ్, నీ చదువు ఎప్పటికి అవుద్దో గానీ ఈ పొడికి చెయ్యి ముడుచుకుంటంది" అంది. అందులో స్టెరాయిడ్ కలిపారు, నాకు టెస్టు అక్కర్లేదు, అది ఎక్కువగా వాడితే అలా ఉబ్బే ఆ మొహమే చెబుతోంది.

అప్పుడు చెప్పాను. మెథోట్రెక్సేట్ ఎక్కడి నుంచో ఊడిపడలేదు, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో నడిపిన పరిశోధనలోంచి వచ్చింది. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ని కృత్రిమంగా తయారుచేసింది, దానికి అడ్డుపడే మెథోట్రెక్సేట్ లాంటి మందులు కూడా అక్కడే పుట్టాయి. క్యాన్సర్‌కి వాడేది పెద్ద మోతాదు, కీళ్లవాతానికి చాలా చిన్న మోతాదు, వారానికి ఒక్కసారే. భీమవరం అనగానే అత్త వినడం మొదలెట్టింది. రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టర్) దగ్గరికి తీసుకెళితే స్టెరాయిడ్‌ని మెల్లమెల్లగా తగ్గించి (ఒక్కసారిగా ఆపితే ప్రమాదం) ఈ బిళ్ల మళ్లీ మొదలుపెట్టారు. దీనికి రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి, పొట్లం పొడిలా వారంలో లేపి కూర్చోబెట్టదు. ఇప్పుడు అత్త మళ్లీ లేసు అల్లుతోంది. ముందే వంకరపోయిన రెండు వేళ్లు మాత్రం అలాగే ఉన్నాయి, అవి ఏ మందుకీ తిన్నగా కావు. ఆ పోయిన కాలం గురించే నా కోపం.

పరిశోధన వల్ల ఏమీ రాలేదనేవాళ్లకి ఒక్క మాట. 1992లో లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీ అనే శాస్త్రవేత్తలు, వాపు రేపే టీఎన్ఎఫ్ అనే ఒక్క అణువుని అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందుని కీళ్లవాతం రోగులకిచ్చి చూశారు, నొప్పీ వాపూ తగ్గాయి. అయితే ఆపేస్తే చాలామందికి తిరిగొస్తుంది, ఖర్చు ఎక్కువ, లోపల దాగిన టీబీ లేవొచ్చు కాబట్టి ముందు పరీక్ష తప్పదు. మన ఊళ్లలో లేసు అల్లి బతికే ఆడవాళ్లకి అందేది ఇప్పటికీ ఆ పాత బిళ్లే. దాన్ని దూరం చేసే పుకార్లు పుట్టించేవాళ్లని నేను క్షమించలేను.

ఇంట్లో ఎవరికైనా పొద్దున్న వేళ్లు గంటకు పైగా బిగుసుకుంటుంటే ఆలస్యం చెయ్యకండి. మెథోట్రెక్సేట్ రాస్తే వారానికి ఏ రోజో డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి, రోజూ మింగితే ప్రాణాల మీదకొస్తుంది. ఫోలిక్ యాసిడ్ వేరే రోజు, రక్త పరీక్షలు వాళ్లు చెప్పినప్పుడల్లా, గర్భం ప్లాన్ చేసుకునే అమ్మాయిలైతే ముందే డాక్టర్‌కి చెప్పాలి.