కర్సియాంగ్‌లోని డౌ హిల్ స్కూల్ దెయ్యాల వల్లే చలికాలంలో మూతపడుతుందా?

కాదు, అవి మామూలు శీతాకాలపు సెలవులు. డార్జిలింగ్ కొండల్లోని పాత బోర్డింగ్ బడులకు పెద్ద సెలవులు మనకులా ఎండాకాలంలో రావు, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలికే ఇస్తారు. 1879లో మొదలైన డౌ హిల్, దాని దగ్గర్లోని విక్టోరియా బాలుర పాఠశాల కూడా అంతే. పిల్లలు ఇళ్లకు వెళ్లిపోతే మిగిలేవి అడవి, పొగమంచు, ఖాళీ వరండాలు. బడి సందడిలో చెవికెక్కని చప్పుళ్లు అప్పుడే వినిపిస్తాయి. ఉదాహరణకు, పగటి వెచ్చదనానికి సాగిన చెక్క రాత్రి చలికి బిగుసుకుంటూ టక్‌టక్‌మంటుంది. ఎవరూ లేని బడిలో అడుగుల చప్పుడనే కథకు అది చాలు.

అడవి దారిలో తల లేని కుర్రాడు కనిపిస్తాడనేది ఇంకో కథ. ఆ కొండల్లో బరువులు మోసేవాళ్లు వీపు మీది బుట్ట పట్టీని నుదుటికి తగిలించుకుని ముందుకు వంగి నడుస్తారు. పొగమంచులో వెనక నుంచి చూస్తే తల కనిపించదు మరి!

చాలామంది డౌ హిల్ స్కూల్‌ని పాడుబడ్డ బంగళా అనుకుంటారు. నిజానికి ఇప్పటికీ పాఠాలు నడుస్తున్న ఆడపిల్లల ప్రభుత్వ బడి అది.