తొమ్మిది పాసైన పిల్లాడు అమెరికా వెళ్తే ఏ మ్యాథ్స్ తీసుకోవాలి?

ప్రశ్న: మేస్టారూ నమస్కారమండి. మాది పాలకొల్లు. మా వారు టెక్సాస్‌లో ఉంటున్నారు, మాకూ వీసాలొచ్చేశాయి, జులైలో నేనూ బాబూ వెళ్తున్నాం. బాబు సీబీఎస్ఈలో తొమ్మిది పూర్తి చేశాడు, లెక్కల్లో 91 వచ్చాయి. అక్కడ పదో గ్రేడ్‌లో వేస్తారంట. స్కూలు వాళ్లు మెయిల్ పెట్టి ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2 వీటిలో ఏ క్లాసులో వెయ్యమంటారు అని అడిగారు. మా ఆడపడుచు వాళ్లు న్యూజెర్సీలో ఉంటారు, వాళ్లేమో మన పిల్లలకి అవన్నీ వచ్చేసినవే, డైరెక్టుగా ప్రీకాల్కులస్ అడుగు అంటున్నారు. ఏం చెప్పమంటారు?
- ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: అమ్మా, ప్రీకాల్కులస్ మాత్రం అడగొద్దు. మీ ఆడపడుచుగారు ప్రేమతోనే చెప్పుంటారు, మన పిల్లలు లెక్కల్లో గట్టివాళ్లన్నదీ నిజమే, కానీ ఇక్కడ సమస్య తెలివి కాదండి, వరస.

మన దగ్గర ఒకే పుస్తకంలో బీజగణితం కొంచెం, జ్యామితి కొంచెం, స్టాటిస్టిక్స్ కొంచెం ఉంటాయి, ఏటా అన్నిట్లోనూ ఇంకాస్త ముందుకెళ్తాం. అమెరికాలో ఎక్కువ హైస్కూళ్లలో అలా కాదు, ఏడాదికో కోర్సు. ఆల్జీబ్రా 1, తర్వాత జామెట్రీ, తర్వాత ఆల్జీబ్రా 2, తర్వాత ప్రీకాల్కులస్, ఆ పైన కాల్కులస్. హైస్కూలంటే 9 నుంచి 12 దాకా నాలుగేళ్లే, కోర్సులేమో ఐదు, అందుకే కాల్కులస్ దాకా వెళ్లాలనుకునే పిల్లలు అక్కడ ఎనిమిదిలోనే ఆల్జీబ్రా 1 అవగొట్టేస్తారు.

ఇప్పుడు మీ బాబు సంగతి చూద్దాం. తొమ్మిదిలో పాలినామియల్స్, రెండు చలరాశుల ఈక్వేషన్, త్రిభుజాలు, చతుర్భుజాలు, వృత్తాలు, హెరాన్ ఫార్ములా ఇవన్నీ అయ్యాయి. కానీ జత సమీకరణాలు సాల్వ్ చెయ్యడం, క్వాడ్రాటిక్ ఈక్వేషన్లు మనకి పదిలో వస్తాయి, వాళ్లకి ఆ రెండూ ఆల్జీబ్రా 1 లోనే ఉంటాయి. సరూప త్రిభుజాలు, సైన్ కాస్ మొదలెట్టడం మనకి పదిలో, వాళ్లకి జామెట్రీలో. ఫంక్షన్ అనే మాట మన పిల్లలు ఇంటర్‌లో గానీ గట్టిగా వినరు, అక్కడ ఆల్జీబ్రా 1 నుంచే ప్రతి చాప్టర్‌లో అదే. అంటే మీవాడికి ఆల్జీబ్రా 1 లో ముప్పాతిక వచ్చు, జామెట్రీలో సగం పైనే వచ్చు, ఆల్జీబ్రా 2 లో చెప్పే లాగరిథమ్స్, కాంప్లెక్స్ నంబర్లు అసలు చూడనే లేదు. మరి ప్రీకాల్కులస్‌లో కూర్చోబెడితే ఏమవుద్ది చెప్పండి.

ఈ కోర్సుల తేడా ఏంటో మన భీమవరం వైపు లెక్కతోనే చూపిస్తా. కాలవ గట్టు పక్కన రొయ్యల చెరువు తవ్వించి చుట్టూ వల కట్టాలి, 200 మీటర్ల వల ఉంది, గట్టు వైపు వల అక్కర్లేదు, మూడు పక్కలకే కడితే ఎక్కువ విస్తీర్ణం రావాలంటే కొలతలెంత? వెడల్పు ఎక్స్ అనుకుంటే పొడవు 200 మైనస్ 2ఎక్స్. ఆల్జీబ్రా 1 లో పిల్లాడు టేబుల్ వేస్తాడు: వెడల్పు 40 అయితే 4800 చదరపు మీటర్లు, 50 అయితే 5000, 60 అయితే మళ్లీ 4800, గ్రాఫ్ గీస్తే కొండలాగా పైకెళ్లి దిగుద్ది. ఆల్జీబ్రా 2 లో అదే లెక్కని స్క్వేర్ పూర్తి చేసి, 5000 లోంచి ఎక్స్ మైనస్ 50 హోల్ స్క్వేర్‌కి రెండింతలు తీసేసినట్టు రాస్తాడు, స్క్వేర్ ఎప్పుడూ నెగెటివ్ అవదు కాబట్టి 5000 దాటదని ఖాయంగా చెప్తాడు. కాల్కులస్‌కి వచ్చాక డెరివేటివ్, అంటే గ్రాఫ్ వాలు, తీసి, కొండ కొన మీద వాలు ఉండదు కాబట్టి 200 మైనస్ 4ఎక్స్ సున్నా అని పెడితే ఒక్క లైన్లో 50 వచ్చేస్తుంది. చెరువు అదే, 50 బై 100, ఎకరం పావుకి కాస్త తక్కువ. మూడో పద్ధతి బట్టీ పట్టిన పిల్లలు నాకు చాలామంది తెలుసు, ఆ 5000 ఎందుకు దాటదు అని అడిగితే నోరు మెదపరు, నాకు అక్కడే బాధేస్తుంది.

కాబట్టి నా సలహా ఏంటంటే, వెళ్లేలోపు పదో తరగతి పుస్తకం కొని జత సమీకరణాలు, క్వాడ్రాటిక్స్ ఈ రెండు చాప్టర్లు ఇంట్లో చేయించండి. ఫంక్షన్లూ గ్రాఫులూ ఖాన్ అకాడమీ వెబ్‌సైట్‌లో ఫ్రీగా ఉంటాయి, ఆల్జీబ్రా 1 అని కొడితే వస్తాయి. స్కూల్లో ప్లేస్‌మెంట్ టెస్ట్, అంటే ఏ కోర్సులో వెయ్యాలో తేల్చే పరీక్ష, పెట్టమని మీరే అడగండి. ఆల్జీబ్రా 1 వచ్చని తేలితే పదో గ్రేడ్‌లో జామెట్రీ, ఆల్జీబ్రా 2 రెండూ కలిపి తీసుకోనిస్తారా అని అడగండి, చాలా స్కూళ్లు ఒప్పుకుంటాయి. అలా అయితే 11 లో ప్రీకాల్కులస్, 12 లో కాల్కులస్ పడతాయి. ఒట్టి జామెట్రీతో మొదలెడితే 12 లో ప్రీకాల్కులస్ దగ్గర ఆగుతాడు, అదేం తప్పు కాదు, కానీ ఇంజనీరింగ్ అనుకుంటే కాల్కులస్ ఉంటే మేలు.

ఇంకో ముఖ్యమైన విషయం, మన ప్రోగ్రెస్ కార్డు మీద మ్యాథమెటిక్స్ అని ఒక్క మాటే ఉంటుంది. అది చూసి అక్కడి కౌన్సెలర్‌కి ఆల్జీబ్రా ఎంత, జామెట్రీ ఎంత అనేది ఎలా తెలుస్తుంది? అందుకని 8, 9 తరగతుల మార్కుల షీట్లతో పాటు ఏయే చాప్టర్లు చెప్పారో ఒక లెటర్ రాయించి ప్రిన్సిపాల్ గారి సంతకం, స్టాంపు వేయించుకోండి, పుస్తకాల విషయసూచిక పేజీలు కూడా జిరాక్స్ తీసి పెట్టుకోండి. టెక్సాస్‌లో ఆల్జీబ్రా 1 కి స్టార్ అని రాష్ట్ర పరీక్ష ఉంది, హైస్కూల్ గట్టెక్కడానికి అది లెక్కలోకొస్తుంది, ఇక్కడ చదివినదానికి క్రెడిట్ ఇచ్చినా ఆ పరీక్ష రాయాలా అని మెయిల్లోనే అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. బాబు కంగారు పడకుండా చూసుకోండమ్మా, మొదటి నెల యాసతోనే సరిపోద్ది వాడికి.

ప్రశ్న: సార్, నేను పది పాసయ్యాను, అమలాపురంలో ఎంపీసీలో చేరుతున్నా. కాల్కులస్ అంటే భయం. సెలవుల్లో ఏం చదవాలి?
- ఒక విద్యార్థిని, అమలాపురం

జవాబు: కాల్కులస్ పుస్తకం ఇప్పుడే తెరవకు తల్లీ. 2025-26 నుంచి మన ఏపీ ఇంటర్‌లో మ్యాథ్స్ ఏ, బీ కలిపి ఒకటే సబ్జెక్టు చేసేశారు, 100 మార్కులకి. అయినా లోపల వరస మాత్రం మారలేదు, ఫంక్షన్లు, ట్రిగ్నామెట్రీ, సరళరేఖలు దాటాకే లిమిట్స్, అంటే కాల్కులస్‌లో మొదటి మెట్టు. లిమిట్స్‌లో తప్పిన పిల్లల పేపర్లు చూస్తే ఎక్కువసార్లు తప్పు లిమిట్‌లో ఉండదు, కారణాంకాలు విడగొట్టడంలో ఉంటది. అందుకని పదిలోవే గట్టి చేసుకో: ఫ్యాక్టరైజేషన్, రెండు బిందువుల మధ్య దూరం, సైన్ కాస్ ట్యాన్ విలువలు. రెండు బిందువులిస్తే గీత వాలు ఎంతో కనుక్కోవడం కూడా నేర్చుకో, డెరివేటివ్ మొదలయ్యేది ఆ వాలు దగ్గరే.

ప్రశ్న: కాలిఫోర్నియాలో మా మనవరాలు 12 లో కాల్కులస్ తీసుకోకుండా ఏపీ స్టాటిస్టిక్స్ తీసుకుందండి. సైకాలజీ చదువుతాదట. కష్టం అని తప్పించుకుందేమోనని నా అనుమానం.
- ఒక తాతగారు, రావులపాలెం

జవాబు: అనుమానం వద్దండి. ఇక్కడ ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, ఆ కోర్సులు కాలేజీ స్థాయివి, మే నెలలో కాలేజ్ బోర్డు వాళ్లు పరీక్ష పెడతారు, 1 నుంచి 5 దాకా స్కోరు ఇస్తారు. స్టాటిస్టిక్స్‌లో శాంపిల్ ఎలా తియ్యాలి, సర్వే ఎప్పుడు నమ్మాలి, ప్రాబబిలిటీ, ఇవన్నీ ఉంటాయి, సైకాలజీలో అడుగడుగునా పనికొచ్చేవి అవేనండి. ఇంజనీరింగ్ అనుంటే నేనూ కాల్కులసే తీసుకోమందును. ఈసారి ఫోన్ చేసినప్పుడు మందు పనిచేస్తుందో లేదో ఎలా తేలుస్తారని అమ్మాయినే అడగండి, బాగా చెప్తుంది.