పక్కింటి మాజీ సైనికుడితో ఏం మాట్లాడాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. సైన్యంలో ఏళ్ల తరబడి పనిచేసి ఇంటికి వచ్చిన మనిషితో మనం ఎలా ఉండాలి, ఏం చెయ్యగలం అని. అందుకే మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకి పెట్టి, వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా పక్కింట్లోకి మిలిటరీ నుంచి రిటైరైన ఒకాయన వచ్చారు. నలభై ఏళ్లు కూడా ఉండవు. ఎదురుపడితే నవ్వుతారు, అంతకుమించి మాటల్లేవు. ఆయనకి థాంక్స్ చెప్పాలని ఉందండీ, కానీ ఏదైనా అడగకూడనిది అడుగుతానేమోనని భయమేసి నేనే తప్పుకుని వెళ్లిపోతున్నాను.

జవాబు: మీరు తప్పుకుని వెళ్లడం ఆయనకి కనిపిస్తూనే ఉంటుందండీ. చుట్టూ ఏం జరుగుతోందో గమనించడమే ఇన్నేళ్లూ ఆయన పని. అడగకూడని ప్రశ్న నిజానికి ఒక్కటే, "మీరు ఎవరినైనా చంపారా?" అని. పిల్లలు తెలియక అడుగుతారు, పెద్దవాళ్లు తెలిసీ అడుగుతారు. అదొక్కటీ వదిలేస్తే కొత్తగా వచ్చిన ఏ పొరుగాయనతో మాట్లాడినట్టే మాట్లాడొచ్చు. థాంక్స్ చెప్పాలనిపిస్తే చెప్పండి, చెప్పి అక్కడితో ఆగిపోకండి.

1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి, ఇంటికి దూరమై బెంగతో చిక్కిపోయేవాళ్ల గురించి రాస్తూ ఆ బాధకి 'నోస్టాల్జియా' అని పేరు పెట్టాడు. తర్వాత అది పరాయి దేశాల్లో కొలువు చేసే స్విస్ సిపాయిల జబ్బుగా పేరుపడింది. సైన్యంలో ఉన్నవాడికి ఇంటి మీద బెంగ అంటే అందరికీ అర్థమవుతుంది. ఇంటికి వచ్చినవాడికి యూనిట్ మీద బెంగ ఉంటుందని మాత్రం మనం ఊహించం. పొద్దున ఎన్నింటికి లేవాలో, ఏం వేసుకోవాలో, పక్కన ఎవరు ఉంటారో అన్నీ తెలిసిన జీవితం అది. తను లేకపోతే పక్కవాడి ప్రాణానికే ముప్పు అన్నంత అవసరం ఉండేది. ఒక్క రోజులో అది పోయింది. ఇప్పుడు ఆయన లేచినా లేవకపోయినా ఎవరికీ తేడా పడదు. జీతం తగ్గడం కంటే చాలామందిని ఎక్కువ కుంగదీసేది ఇదేనని నేను నమ్ముతాను.

కాబట్టి ఆయనకి ఏం ఇవ్వాలా అని ఆలోచించే బదులు, ఆయన్ని ఏదైనా అడగండి. మోటారు పాడైతే చూడమనండి, మీ అబ్బాయికి పరుగు నేర్పమనండి, ఆయన వద్దంటే వద్దనీయండి, పది రోజులాగి మళ్లీ అడగండి. మొదటిసారి కాదన్నారని మనసు చిన్నబుచ్చుకోవద్దు.

ప్రశ్న: మా అన్నయ్య పదిహేడేళ్ల సర్వీసు తర్వాత వచ్చేసి ఎనిమిది నెలలైంది. రాత్రిళ్లు నిద్రపోడు. ఎక్కడికెళ్లినా తలుపు కనిపించేలా గోడకి ఆనుకునే కూర్చుంటాడు. గిన్నె కింద పడితే ఉలిక్కిపడి, వెంటనే కోప్పడతాడు. పిలిస్తే ఒక్కోసారి పలకడు. ఏమైందంటే "మీకు చెప్పినా అర్థం కాదు" అంటాడు. వదిన చాలా టెన్షన్ పడుతోంది. ఇది పిచ్చా అని చుట్టాలు అడుగుతుంటే ఏడుపొస్తోంది.

జవాబు: పిచ్చి కాదమ్మా. ఆ మాట అన్నవాళ్లకి ఈ పేజీ చూపించు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇలాంటి లక్షణాలతో వచ్చిన సైనికుల గురించి ఛార్లెస్ మయర్స్ అనే వైద్యుడు 1915లో రాసినప్పుడు దాన్ని 'షెల్ షాక్' అన్నారు. పిరికితనమని అవమానించినవాళ్లూ ఉన్నారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగనిర్ణయ గ్రంథంలో పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అంటే భయంకరమైన అనుభవం తర్వాత మనసులో మిగిలిపోయే జబ్బు) అనే పేరుతో దీన్ని చేర్చింది 1980లో. అంటే డాక్టర్లకే సరైన పేరు పెట్టడానికి అన్నేళ్లు పట్టింది, చుట్టాలకి అర్థం కాలేదంటే వింతేం లేదు. అలాగని సైన్యం నుంచి వచ్చిన ప్రతివాళ్లకీ ఇది ఉంటుందని అనుకోవద్దు, ఎక్కువమందికి ఉండదు. మీ అన్నయ్యకి ఉందో లేదో చెప్పాల్సింది డాక్టరే, నువ్వూ నేనూ కాదు.

గోడకి ఆనుకుని కూర్చోవడం, చప్పుడుకి ఉలిక్కిపడటం, ఇవి అక్కడ ఆయన ప్రాణం కాపాడిన అలవాట్లు. ఇల్లు క్షేమమని మెదడుకి తెలుసు, ఒంటికి ఇంకా తెలియలేదు. అందుకని బయటికి వెళ్లినప్పుడు ఆ కుర్చీ ఆయనకే వదిలెయ్యండి, దాని మీద చర్చ వద్దు. నిద్రలో కేకలేస్తే పట్టుకుని కుదపకండి, కాస్త దూరంగా నిలబడి పేరు పెట్టి పిలవండి. దగ్గర్లో బాణసంచా కాలుస్తారని తెలిస్తే ముందే చెప్పండి. ఊహించిన చప్పుడు ఊహించనిదానంత బాధపెట్టదు.

పిలిస్తే పలకడు అన్నావు చూడు, అక్కడ నాకు ఇంకో అనుమానం వచ్చింది. ముందు చెవులు పరీక్ష చేయించండి. తుపాకులు, ఇంజిన్ల మోత మధ్య ఏళ్లు గడిపినవాళ్లలో వినికిడి తగ్గడం, చెవిలో ఎప్పుడూ ఏదో మోగుతుండటం చాలా మామూలు. అమెరికాలో మాజీ సైనికులు పరిహారం పొందే వైకల్యాల్లో అన్నిటికంటే ముందుండేది ఈ చెవిలో మోతే. వినపడక పలకనివాణ్ని పట్టించుకోవట్లేదని ఇంట్లో అపార్థం చేసుకుని, ఇద్దరూ నొచ్చుకుని, గొడవలు పెరిగే ఇళ్లు ఉంటాయి.

"మీకు అర్థం కాదు" అంటే వాదించకు. "నిజమే అన్నయ్యా, నాకు తెలీదు, నువ్వు చెప్పాలనుకున్నప్పుడు వింటాను" అను, అని ఊరుకో. కొందరిని తినేసేది భయం కూడా కాదు, అక్కడ తను చేసినదో, ఆపలేకపోయినదో, దాని తాలూకు అపరాధ భావం. దానికి "నీ తప్పేం లేదులే" అన్న మాట పనిచెయ్యదు, వినేవాళ్లు కావాలి. అదే పటాలంలో పనిచేసిన స్నేహితుడు ఎవరైనా ఉంటే ఫోన్ చేసి ఒకసారి రమ్మను, నీతో చెప్పనిది ఆయనతో చెప్పొచ్చు.

దీనికి వైద్యం ఉంది. కౌన్సెలింగ్‌లో ఆ జ్ఞాపకాన్ని మెల్లమెల్లగా ఎదుర్కోవడం నేర్పే పద్ధతులు చాలామందికి పనిచేశాయి, అవసరమైతే మందులూ ఇస్తారు. "నీకు జబ్బు, డాక్టర్ దగ్గరికి పద" అంటే రాకపోవచ్చు. "నిద్ర లేకపోతే ఎలా, నిద్ర కోసం ఒకసారి చూపిద్దాం" అంటే వచ్చే అవకాశం ఎక్కువ. నిద్ర కోసం మద్యం మొదలుపెట్టాడేమో కూడా చూసుకోండి.

ఇంకొకటి రాయడానికి కష్టంగా ఉన్నా రాయాలి. తను లేకపోతే అందరికీ హాయి అన్నట్టు ఎప్పుడైనా మాట్లాడితే, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో తుపాకీ ఉంటే ఆయనకి అందకుండా చెయ్యండి, అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లండి. వదినని కూడా వారానికి ఒక పూటైనా ఆ ఇంట్లోంచి బయటికి తీసుకెళ్లు, ఆమె కూడా ఎనిమిది నెలలుగా నిద్రపోలేదు.

ప్రశ్న: నాది చిన్న రవాణా సంస్థ. ఇద్దరు మాజీ సైనికులకి ఉద్యోగం ఇద్దామనుకుంటున్నాను. సెక్యూరిటీ కాకుండా ఇంకేం ఇవ్వొచ్చు?

జవాబు: "సెక్యూరిటీ కాకుండా" అని మీరే అడిగినందుకు సంతోషమండీ. గౌరవమైన పనే, కానీ వంద బళ్ల కాన్వాయ్ నడిపించినవాణ్ని, ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసినవాణ్ని, రాడార్ బాగుచేసినవాణ్ని అందరినీ ఒకే గేటు దగ్గర నిలబెట్టడం మనకే నష్టం. మీది రవాణా కాబట్టి బళ్లు, స్పేర్ పార్టులు, రూట్లు, సరుకు లెక్క, ఇవన్నీ వాళ్లకి కొట్టినపిండి అయివుండొచ్చు. రెజ్యూమేలో అది కనబడదు, సైన్యం మాటల్లో రాసి ఉంటుంది. ఇంటర్వ్యూలో ర్యాంకు గురించి కాకుండా, "పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీరు ఏం చేసేవారు, మీ కింద ఎంతమంది, ఏదైనా చెడిపోతే ఏం చేసేవారు" అని అడగండి. "మేము చేశాం" అని చెబుతారు, "నేను" అనరు. అది చూసి ఈయన సొంతంగా ఏమీ చెయ్యలేదనుకోవద్దు, "అందులో మీ పని ఏంటి" అని మళ్లీ అడగండి.

చేరాక ఎవరికి రిపోర్ట్ చెయ్యాలో, పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో స్పష్టంగా చెప్పండి. చదువుకుంటానంటే షిఫ్టు సర్దండి. అమెరికా 1944లో జీఐ బిల్ అనే చట్టం తెస్తే, రెండో ప్రపంచ యుద్ధం నుంచి వచ్చినవాళ్లలో సుమారు 78 లక్షల మంది దాని కింద చదువో శిక్షణో పొందారు. నల్లజాతి సైనికుల్లో చాలామందికి అందులోని ఇళ్ల రుణాలు అందకుండా చేశారు, అది అన్యాయం. కానీ అవకాశం దొరికినవాళ్లు ఎంత దూరం వెళ్లగలరో మాత్రం అప్పుడే తేలిపోయింది.

ప్రశ్న: మా కాలేజీలో మాజీ సైనికులకి సన్మాన సభ పెడుతున్నాం. ఏం చేస్తే బాగుంటుంది సార్?

జవాబు: పెట్టండి, కానీ వాళ్లని అడిగి పెట్టండి. కొందరికి వేదిక ఎక్కడమే ఇబ్బంది.

సన్మానం ఎంతవరకు నిలుస్తుందో చెప్పే చరిత్ర ఒకటి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో తిరిగొచ్చిన సైనికుల్ని ఊరేగింపులతో ఆహ్వానించారు. తమకి రావాల్సిన బోనస్ ఇప్పుడే ఇవ్వమని అడగడానికి ఆ సైనికులే 1932లో పెళ్లాం పిల్లలతో వాషింగ్టన్ వచ్చి గుడిసెలు వేసుకుంటే, జూలై 28న టియర్ గ్యాస్ కొట్టి సైన్యంతోనే తరిమేశారు. ఆ డబ్బు చేతికి రావడానికి 1936 దాకా ఆగాల్సి వచ్చింది.

అందుకే సభతో పాటు ఒక బల్ల వేసి పింఛను, వైద్యం, పిల్లల చదువు కాగితాలు నింపడానికి మీలో పదిమంది కూర్చోండి. ఆన్‌లైన్ ఫారాలు మీకు పది నిమిషాల పని, వాళ్లకి నెలల తిరుగుడు. గాయపడిన, జబ్బుపడిన సైనికుల కోసం 2014లో లండన్‌లో ఇన్విక్టస్ గేమ్స్ అనే ఆటల పోటీలు మొదలయ్యాయి, అలాంటి ఆట మీ గ్రౌండ్‌లోనూ పెట్టొచ్చు, వాళ్లు ఆడితే మీరూ కలిసి ఆడండి. ఆ రోజు వచ్చే ప్రతి మనిషి పేరు పక్కన, నెల తర్వాత ఆయన ఇంటికి వెళ్లి కాగితాలు ఎక్కడిదాకా వచ్చాయో కనుక్కునే విద్యార్థి పేరు కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి.