బరంపురంలో చదువుతూ థోరియం మీద రీసెర్చ్ చేయాలనుంది, కంపెనీతో కలిసి చేయడం కుదురుతుందా?

ఇచ్ఛాపురం నుంచి బరంపురం వచ్చి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నావు. పక్కనే ఛత్రపురంలో తీరం ఇసుకలోంచి ఖనిజాలు తీసే ఫ్యాక్టరీ ఉంది కాబట్టి, పీహెచ్‌డీ థోరియం (అణు ఇంధనంగా మార్చగల లోహం) మీద, అదీ కంపెనీతో కలిసి చేయాలనుంది, జరిగే పనేనా అని అడిగావు. అన్నయ్యా అన్నావు కాబట్టి నువ్వనే రాస్తున్నాను.

జరిగే పనే. నువ్వు ఊహించుకుంటున్నట్టు మాత్రం కాదు.

నాదీ బరంపురమే, ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. ఎమ్మెస్సీ రెండో ఏడాది ప్రాజెక్టుకి గోపాలపూర్ తీరం ఇసుకలో రేడియోధార్మికత కొలిచాను. అల వెనక్కి పోయాక ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి, చూసే ఉంటావు. పొద్దున్నే వెళ్ళి ఆ చారల్ని సంచిలోకి ఎత్తుతుంటే, వలల దగ్గర కూర్చున్న మామ్మ ఒకావిడ (అక్కడి జాలరుల్లో చాలామంది తెలుగువాళ్ళే కదా) “ఇసకట్టుకెల్లి ఏటి సేత్తావు బాబూ, ఇల్లు కడతావేటి?” అంది. రెండు కేజీలే మామ్మా అంటే, “అయితే పిచికగూడు కట్టు” అని పకపకా నవ్వింది.

మా ల్యాబులో పాడైన హార్డ్‌డిస్క్‌లోంచి పీకిన అయస్కాంతం ఉండేది. దాన్ని కాగితంలో చుట్టి ఎండిన ఇసుక మీద ఆడిస్తే నల్ల గింజలు ఎగిరి అంటుకునేవి. అది ఇల్మనైట్, టైటానియం ఉండే ఖనిజం. మిగిలిన దాంట్లో లెన్స్ పెట్టి వెతికితే అక్కడక్కడా తేనె రంగు గింజలు. అది మోనజైట్. నీ థోరియం ఉండేది ఆ గింజల్లోనే. మన దేశపు మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ 8 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. మిగతాదంతా చాలావరకు సీరియం, లాంథనమ్, నియోడిమియం లాంటి, రేర్ ఎర్త్స్ అనే లోహాల ఫాస్ఫేట్లు. నా చేతిలో ఉన్న ఆ అయస్కాంతం తయారయ్యేది కూడా నియోడిమియంతోనే అని నాకు చాలా రోజులకి గాని తట్టలేదు. నువ్వన్న ఛత్రపురం ఫ్యాక్టరీ, అంటే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ వాళ్ళ ప్లాంటు, చేసే పనీ ఇలాంటిదే, పెద్ద అయస్కాంతాలతో, హై వోల్టేజీతో, టన్నుల లెక్కన.

ఇక నా నిర్వాకం విను. ఇసుకని ఎండబెట్టి, జల్లెడ పట్టి, డబ్బాలో పోసి, గాలి చొరబడకుండా మూసి దాదాపు నెల రోజులు ఉంచాలి. రేడియం నుంచి పుట్టే రేడాన్ వాయువు బయటికి పోకుండా సమతూకానికి రావాలని ఈ తిప్పలు. రేడాన్ అర్ధాయుష్షు (సగానికి తగ్గే కాలం) 3.8 రోజులు, దానికి ఏడు రెట్లు వేసుకో. 19వ రోజున లోపల తేమ ఉందేమోనని అనుమానం వచ్చి ఒక డబ్బా మూత నేనే తీశాను. అంతే, మళ్ళీ ఒకటో రోజు. మా మాస్టారు ఏమీ అనలేదు. డబ్బా మీద పాత తేదీ కొట్టేసి కొత్త తేదీ రాశారు. తిట్టినా బాగుండేది. గామా కిరణాలు కొలిచే డిటెక్టర్ వేరే ఊళ్ళో ఉండేది, మాకిచ్చింది మూడు రోజులు. ఆ డబ్బా లేకుండానే వెళ్ళాం.

అక్కడ స్క్రీన్ మీద కుడి చివరన, 2614 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర ఒక శిఖరం నిటారుగా లేచింది. అది థాలియం-208. థోరియం క్షయిస్తూ ఒకదాన్నుంచి ఒకటిగా పుట్టే మూలకాల సంతతిలో, ఆఖరున మిగిలే సీసానికి ముందు మెట్టు. ఈ శిఖరాన్ని గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తుంది.

థోరియం దానంతటది రాజుకునే కట్టె కాదు. న్యూట్రాన్‌ని మింగి, ప్రొటాక్టినియమై, చివరికి యురేనియం-233 అయితే గాని పొయ్యిలోకి పనికిరాదు. ఆ న్యూట్రాన్లు ఇచ్చే రియాక్టర్లు ముందుండాలి. మన అణు కార్యక్రమానికి ఆద్యుడు హోమీ భాభా 1950లలోనే మూడు దశలు, థోరియం ఆఖరి దశలో అన్నది ఇందుకే. రెండో దశకి చెందిన కల్పాక్కం 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ (కాల్చే దానికంటే ఎక్కువ ఇంధనాన్ని పుట్టించే రియాక్టర్) కోర్‌ని నింపడం మొదలైంది 2024 మార్చిలో. యురేనియం-233తో నడిచే రియాక్టర్ కూడా అక్కడే ఉంది, పేరు కామినీ, 1996లో మొదలైంది. దాని సామర్థ్యం 30 కిలోవాట్లు, అదీ వేడి లెక్కే, కరెంటు కాదు. పైగా యురేనియం-233తో పాటు కాస్త యురేనియం-232 కూడా పుడుతుంది. దాని సంతతిలోనూ అదే థాలియం-208, అదే 2614 గామా. అందుకే ఆ ఇంధనాన్ని మామూలు గ్లవ్ బాక్సులో (చేతి తొడుగులు బిగించిన మూసిన పెట్టెలో) పెట్టి పని చేయలేరు, మందపాటి గోడల వెనక నుంచి చేయాలి.

కాబట్టి థోరియం కరెంటు నీ పీహెచ్‌డీ అయిదేళ్ళలో రాదు. ఇవాళ పరిశ్రమకి కావలసింది దాంతో పాటు దొరికే నియోడిమియం. గాలిమరలకి, ఎలక్ట్రిక్ బండ్ల మోటార్లకి. ఐఆర్‌ఈఎల్ అయస్కాంతాల ప్లాంటు 2023లో విశాఖలో ప్రారంభమైంది కూడా, కాకపోతే అది నియోడిమియం కాదు, సమేరియం-కోబాల్ట్ రకం. ఛత్రపురంలో మోనజైట్‌ని కాస్టిక్ సోడాతో విడగొట్టి, రేర్ ఎర్త్ క్లోరైడ్‌ని కేరళలోని ఆలువాకి పంపుతారు. థోరియం పక్కన భద్రపరిచే సరుకు. నా లెక్కలో మనలాంటివాళ్ళకి పని ఉన్నది ఈ మధ్యలోనే, గింజల్ని ఇంకా శుభ్రంగా విడదీయడం, మిగిలిన మడ్డిలో ఎంత రేడియం ఉందో కొలవడం, చుట్టుపక్కల ఊళ్ళ నేలలో ఎంతుందో చూడడం. వినడానికి చప్పగా ఉంటుంది, నిజమే. అయినా కంపెనీ అడిగే ప్రశ్నలు ఇలాగే ఉంటాయి.

ఎంఓయూ (కంపెనీతో కాలేజీ చేసుకునే ఒప్పందపత్రం) చూసి మోసపోకు. నేను పాఠాలు చెప్పిన ఒక కాలేజీలో సోలార్ ప్యానెళ్ళ కంపెనీ ఒకటి సంతకాలు పెట్టి, శాలువాలు కప్పించుకుని, ఫొటో దిగి వెళ్ళింది. రెండేళ్ళలో ఒక్క పాత ప్యానెల్ పంపలేదు. ఫొటో మాత్రం ఇంకా ప్రిన్సిపాల్ గదిలో ఉంది. అణుశక్తి శాఖ వైపు పద్ధతి వేరు. ఆ శాఖ తరఫున పరిశోధనలకి డబ్బిచ్చే బోర్డు బీఆర్‌ఎన్‌ఎస్. దాని ప్రాజెక్టు అంటే యూనివర్సిటీ మాస్టారితో పాటు ఆ శాఖ ల్యాబులో పనిచేసే ఒక సైంటిస్టు పేరు కూడా అందులో ఉంటుంది. ఆ మనిషి ఉంటే నీ శాంపిల్‌కి దారి దొరుకుతుంది. మోనజైట్ ప్రభుత్వ నియంత్రణలో ఉన్న పదార్థం, గేటు దగ్గర నిలబడి అరకేజీ ఇవ్వండి సార్ అంటే కుదరదు.

అందుకని గైడ్‌ని కలిసినప్పుడు ‘థోరియం మీద చేస్తానండీ’ అని మొదలుపెట్టకు. శాంపిల్ ఎవరిస్తారు, డిటెక్టర్ ఏ ఊళ్ళో ఉంది, ఏడాదికి ఎన్ని రోజులు దొరుకుతుంది, పేపర్ బయటికి పంపేముందు ఎవరి అనుమతి కావాలి, ఇవి అడుగు. ఆఖరిదానికి ఆయన తడుముకుంటే ఇంకో గైడ్‌ని చూసుకో.