గుణదల ఆఫీసుకి ఏలూరు రోడ్డా, బీఆర్‌టీఎస్ రోడ్డా?

విజయవాడ సత్యనారాయణపురంలో ఇల్లు తీసుకున్నాం, గుణదలలో ఉద్యోగం, స్కూటీ మీద రోజూ ఏ రోడ్డున వెళ్తే మంచిదని అడిగారు. పదకొండేళ్లు నేను తిరిగిన దారి అదేనండీ. బీఆర్‌టీఎస్ రోడ్డునే వెళ్లండి. ఏలూరు రోడ్డులో చుట్టుగుంట దగ్గర ఆగీ ఆగీ వెళ్లేసరికి ఆఫీసు మొదలవకముందే ఓపికంతా అయిపోతుంది.

బీఆర్‌టీఎస్ రోడ్డు అంత తిన్నగా, వెడల్పుగా ఎందుకుంటుందంటే అది ఒకప్పటి రైలు కట్ట. గుడివాడ, బందరు రైళ్లు మా ఇళ్ల పక్కనుంచే పోయేవి. గేటు పడితే సైకిళ్లు దిగి పెట్టెలు లెక్కపెట్టేవాళ్లం. తర్వాత రైళ్లను వేరే లైనుకు మళ్లించి, పట్టాలు తీసేసి, సిటీ బస్సులు ఆగకుండా పోవాలని మధ్యలో ప్రత్యేకంగా దారి వదిలి ఈ రోడ్డు వేశారు. నేను తిరిగినన్నాళ్లూ ఆ దారిలో బస్సులు కనిపించింది మాత్రం తక్కువే. వాకింగ్ చేసేవాళ్లే ఎక్కువ.

మీరు జాగ్రత్త పడాల్సింది కూడా అక్కడే. ఓ రోజు తెల్లవారుజామున శారదా కాలేజీ దగ్గర ఒక పెద్దావిడ పాల ప్యాకెట్లు పట్టుకుని డివైడర్ సందులోంచి ఒక్కసారిగా నా ముందుకొచ్చారు. బ్రేకు కొట్టేసరికి బండి జారింది. ఆవిడకేమీ కాలేదు, నా మోచెయ్యి చీరుకుపోయింది, పాలన్నీ రోడ్డు పాలయ్యాయి. ఆవిడే కొంగుతో రక్తం తుడుస్తూ "చూసుకోలేదు నాయనా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తప్పు నాదే. రోడ్డు ఖాళీగా ఉంది కదా అని యాభై దాటించాను. ఆ తర్వాత అక్కడ ఎప్పుడూ నలభై దాటలేదు.

సాయంత్రం ఆరు దాటితే ఫుడ్ జంక్షన్ దగ్గర బళ్లు అడ్డదిడ్డంగా ఆపేస్తారు, మెల్లగా పోనివ్వండి. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవాలు. ఆ మూడు రోజులూ ఏ దారిన వెళ్లినా చివర్లో జనం తప్పరు కాబట్టి అరగంట ముందే బయల్దేరండి.

ఉద్యోగంలో చేరేలోపు ఒక ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద రెండు మూడుసార్లు నడిపి చూడండి. డివైడర్‌కి ఎక్కడెక్కడ సందులున్నాయో గుర్తుపెట్టుకోండి, మనుషులు దాటేది అక్కడే.