“కోప్పడనంటే ఒకటి చెప్తాను నాన్నా”

మరో రెండు నెలల్లో తండ్రి కాబోతున్నానని, మంచి తండ్రిగా ఉండటంలో అసలు కష్టం ఏమిటో, దానికి దక్కేదేమిటో అనుభవం ఉన్నవాళ్లు చెప్పమని అడిగారు. నాకు ఇద్దరు పిల్లలు. అమ్మాయికి పద్నాలుగేళ్లు, అబ్బాయికి ఏడు. నేను మంచి తండ్రినా కాదా అన్నది వాళ్లు చెప్పాల్సిన మాట. నాకు తెలిసినంతలో చెప్తాను.

నిద్ర ఉండదని మీకు ఈపాటికే పదిమంది చెప్పి ఉంటారు. నిజమే. పుట్టిన కొత్తల్లో బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు పడుకుంటుంది. వినడానికి హాయిగా ఉంటుంది కానీ, రెండు మూడు గంటలకోసారి పాలకు లేస్తుంది కాబట్టి ఆ నిద్రంతా ముక్కలు ముక్కలే. బిడ్డతోపాటు మీదీనూ. ఇది గడిచిపోతుంది, దీని గురించి పెద్దగా బెంగపడకండి.

నాకెవరూ చెప్పని సంగతి ఇంకొకటుంది. మొదటి నెలల్లో తండ్రికి తానెందుకూ పనికిరానట్టు అనిపిస్తుంది. అమ్మాయిని నేనెత్తుకుంటే ఏడ్చేది, వాళ్లమ్మ చేతుల్లోకి వెళ్లగానే ఆపేసేది. “నీకు రాదులే, ఇలా ఇవ్వు” అనేవాళ్లు ఇంట్లో. నేనూ హాయిగా ఇచ్చేసేవాణ్ణి. పని ఎక్కువుందని చెప్పి ఆఫీసులోనే ఇంకాస్త సేపు కూర్చునేవాణ్ణి కూడా. చాలా ఆలస్యంగా అర్థమైందేమిటంటే, మా ఆవిడకూ అది పుట్టుకతో వచ్చిన విద్య కాదు. ఆవిడ రోజుకు పదిసార్లు చేసింది, నేను రెండు రోజులకోసారి చేశాను, అంతే తేడా.

అబ్బాయి పుట్టాక స్నానమూ, రాత్రి డైపర్లూ నేనే తీసుకున్నాను. నెల తిరిగేసరికి ఆకలి ఏడుపేదో నిద్ర ఏడుపేదో నాకూ తెలిసిపోయింది. అప్పుడే పుట్టిన బిడ్డకు 20, 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే కాస్త స్పష్టంగా కనిపిస్తుందట. అంటే ఎత్తుకున్న మనిషి మొహం ఉండే దూరం. గుమ్మం దగ్గర నిలబడి నవ్వే నాన్న ఆ కళ్లకు మసకే. కాబట్టి “నీకు రాదులే” అని ఎవరన్నా సరే, బిడ్డను ఇవ్వకండి.

అన్నట్టు, ఆ రోజుల్లో మీకు మరీ దిగులుగా ఉండి, దేనిమీదా మనసు నిలవకపోతే దాచుకోకండి. బిడ్డ కడుపులో ఉన్నప్పటినుంచి మొదటి పుట్టినరోజు దాకా చూస్తే, దాదాపు పదిమంది తండ్రుల్లో ఒకరికి డిప్రెషన్ వస్తోందని 2010లో ‘జామా’ వైద్య పత్రికలో వచ్చింది. తల్లిని అడిగినట్టు తండ్రిని ఎవరూ అడగరు. మీరే వెళ్లి డాక్టరుకు చెప్పుకోవాలి.

ఇక అసలు కష్టం. నా మటుకు నాకు అది కోపం.

అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు ఒకరోజు పరుపు సర్దుతుంటే కింద లెక్కల పరీక్ష పేపరు దొరికింది. మార్కులు మరీ ఘోరంగా ఏమీ లేవు. వాళ్లమ్మకు ముందే తెలుసు. నాకు తెలియకూడదని ఇద్దరూ కలిసి అనుకున్నారు. పిల్లల మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. చెయ్యెత్తని మాట నిజమే, గొంతు మాత్రం ఎత్తుతూనే ఉన్నాను. గేటు చప్పుడు వినగానే ఇల్లు ఎందుకు సద్దుమణుగుతుందో ఆ రోజు తెలిసింది. చిన్నప్పుడు మా ఇల్లూ అలాగే సద్దుమణిగేది.

ఆ తర్వాత కోపం తగ్గిందని చెప్పలేను. సారీ చెప్పడం మాత్రం నేర్చుకున్నాను. ఎనిమిదేళ్ల పిల్లకు సారీ చెప్పడానికి నోరు తిరగలేదంటే నమ్మండి. తీరా చెప్పాక “కానీ నువ్వు కూడా దాచకుండా ఉండాల్సింది” అని తోక తగిలించాను. తోక ఉంటే అది సారీ కాదు, రెండో విడత తిట్టు అంది మా ఆవిడ.

ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వవేత్త పరిశీలన ఒకటి నాకు ధైర్యమిచ్చింది. బాగా కలిసిమెలిసి ఉండే తల్లీబిడ్డలు కూడా ఆడుకునేటప్పుడు ఒకరి భావం ఒకరికి సరిగ్గా అందేది దాదాపు మూడో వంతు సమయమేనట. మిగతాదంతా తప్పిపోవడం, మళ్లీ అందుకోవడం. తల్లీబిడ్డల సంగతే అలా ఉంటే నా లెక్క మరీ అన్యాయంగా ఏమీ లేదనిపించింది.

ఇంకో చిన్న విషయం. “ఇవాళ స్కూల్లో ఏం జరిగింది?” అని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే వచ్చే జవాబు “ఏం లేదు”. అదే బండి మీద వెనక కూర్చున్నప్పుడో, నేను గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి తుడుస్తున్నప్పుడో వాళ్లే చెప్తారు. మొహం చూడక్కర్లేకపోతే మాటలు సులువు కాబోలు. యుక్తవయసులో శరీరంలోని గడియారం వెనక్కి జరిగి నిద్ర ఆలస్యంగా వస్తుంది కాబట్టి, మా అమ్మాయికి కబుర్లు గుర్తొచ్చేది రాత్రి పదిన్నరకి, సరిగ్గా నాకు కళ్లు మూతలు పడే వేళకి. అబ్బాయితో ఈ బాధ లేదు. వాడికి మాటలక్కర్లేదు, రోజూ కాసేపు నా మీద పడి కుస్తీ పట్టాలి, నేను ఓడిపోవాలి.

దక్కేదేమిటని అడిగారు కదా. పోయిన నెల ఓ రాత్రి అమ్మాయి గదిలోకొచ్చి “నాన్నా, కోప్పడనంటే ఒకటి చెప్తాను” అంది. స్నేహితురాలు తనకొక్కదానికే చెప్పిన సంగతిని మా అమ్మాయి క్లాసు గ్రూపులో పెట్టేసిందట, సరదాకి. ఆ స్నేహితురాలు రెండు రోజులుగా బడికి రావడం లేదట. లోపల నాకు వేడెక్కుతూనే ఉంది. నోటిదాకా వచ్చిన మాటలన్నీ మింగేసి, “ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావ్?” అని అడిగాను. చాలాసేపు గోళ్లు చూసుకుని, “వాళ్లింటికి వెళ్తాను. నువ్వు బయటే ఉండు” అంది.

మర్నాడు సాయంత్రం నలభై నిమిషాలు ఆ వీధిలో బండి మీద కూర్చున్నాను. బయటికొచ్చేసరికి ఏడ్చినట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏమీ అనకుండా వెనకెక్కి కూర్చుంది. లోపల ఏం మాట్లాడుకున్నారో ఇంతవరకూ చెప్పలేదు. నేనూ అడగలేదు.